మిద్దెతోటలో బఠానీని పురుగుల నుంచి కాపాడుకోవడం: బెంగళూరు చలికాలానికి ఒక మార్గదర్శి

అక్టోబరు వానలు తెరిపినిచ్చి, తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాలనిపించే రోజులు మొదలయ్యాయంటే బెంగళూరులో బఠానీ విత్తడానికి వేళ అయినట్టే. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల, నెల్లూరులోనో కడపలోనో మిద్దెమీద నిలవడం కష్టమైన ఈ చలికాలపు తీగ ఇక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా పెరుగుతుంది. ఎండ 30 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది కాబట్టి, మనకు దొరికే కాలం మూడు నాలుగు నెలలే. అంత తక్కువ కాలంలో పురుగు ఒక్క వారం పైచేయి సాధించినా, మళ్లీ విత్తి పంట తీసుకునే వ్యవధి ఉండదు.

మారతహళ్లిలో మా అద్దె ఇంటి మిద్దెమీద మొదటిసారి పన్నెండు కుండీలలో బఠానీ వేసినప్పుడు, తీగలు నిండుగా కాయడం చూసి సంక్రాంతికి ఆ గింజలతోనే వంట చేద్దామని అనుకున్నాను. పండుగ ముందురోజు కాయలు కోసి ఒలుస్తుంటే, పైకి మచ్చ కూడా లేని కాయ లోపల సగం కొరికిన గింజలూ, వాటి పక్కన తడి ఇసుకలా పేరుకున్న పురుగు విసర్జనమూ కనిపించాయి. మూడో వంతు కాయలు అలాగే ఉన్నాయి. ఆ పురుగు లోపలికి వెళ్లి అప్పటికి రెండు వారాలైంది. కాయ మీద రంధ్రం కనబడలేదు కాబట్టి నేను తీగ పక్కనే నిలబడి రోజూ నీళ్లు పోస్తూ కూడా దానిని చూడలేకపోయాను. ఆ తరువాతి చలికాలాలలో నేర్చుకున్నదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. బఠానీ మీదికి వచ్చే ప్రతి పురుగుకూ తీగ వయసులో ఒక నిర్దిష్టమైన సమయం ఉంది. ఆ సమయం తెలిసి ఉంటే చాలాసార్లు చేతివేళ్లే సరిపోతాయి, తెలియకపోతే ఎంత మందు చల్లినా అది ఆలస్యంగా వచ్చిన మందే అవుతుంది.

విత్తడానికి ముందు

రక్షణ పని విత్తనం వేయడానికి నెలన్నర ముందే బంతి నారుతో మొదలుకావాలి. కాయతొలిచే పచ్చపురుగు, అంటే మన రైతులు శనగపచ్చ పురుగు అని పిలిచేది, గుడ్లు పెట్టడానికి బంతిపూలను ఇష్టపడుతుంది. బెంగళూరు శివార్లలోని హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ టమాటా పంటకు ఈ లక్షణాన్నే ఆధారం చేసుకుని, పదహారు వరుసల టమాటాకు ఒక వరుస బంతి చొప్పున నాటే పద్ధతిని రూపొందించింది. అందులోని కీలకం వయసు తేడా: 25 రోజుల టమాటా నారుతోపాటు 45 రోజుల బంతి నారును నాటుతారు, రెండూ ఒకేసారి పూతకు రావాలని. బఠానీ విత్తిన 35 నుంచి 45 రోజుల మధ్య పూస్తుంది కాబట్టి, మిద్దెతోటలో బంతి విత్తనాన్ని సెప్టెంబరులోనే వేసుకుంటే డిసెంబరు నాటికి అది పూలతో సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. బంతిని పెట్టి వదిలేస్తే అది ఎర కాదు, పురుగుల పెంపకశాల అవుతుంది. రెండు రోజులకొకసారి మొగ్గలను వేళ్లతో విప్పి చూసి, గుడ్లు గాని పిల్ల పురుగులు గాని ఉన్న పూలను తెంపి సబ్బునీళ్లలో వేయగలిగినవారే బంతిని నాటాలి.

మట్టి విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పవలసి ఉంది. కిందటేడు బఠానీ, చిక్కుడు, అనప, టమాటా పెరిగిన కుండీ మట్టిలో కాయతొలిచే పురుగుల కోశస్థ దశలు, అంటే పురుగు రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా గూటిలో ఉండే దశలు, నిద్రావస్థలో ఉండవచ్చు. ఆ మట్టిని ఒక పట్టా మీద పలుచగా పరిచి, మండే ఎండలో వారం రోజులు తిరగవేస్తూ ఆరబెడితే వాటిలో చాలామట్టుకు ఎండిపోతాయి, మిగిలినవి మైనాలకు ఆహారమవుతాయి. ఆ తరువాత ఒక్కొక్క పెద్ద కుండీకి రెండు గుప్పెళ్ల వేపపిండి కలపాలి. రెండవది ఎరువు. బఠానీ వేళ్ల మీది బొడిపెలలో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని తీగకు అందిస్తుంది, కాబట్టి యూరియా వేయనక్కరలేదు, పశువుల ఎరువు కూడా మితిమీరకూడదు. నత్రజని ఎక్కువైన తీగ మెత్తగా, రసభరితంగా ఎదుగుతుంది. గుంపుగా చేరి రసం పీల్చే బుల్లి పురుగులైన పేనుబంకకు అంతకంటే ఆహ్వానం మరొకటి లేదు.

విత్తనానికి హెసరఘట్ట సంస్థ విడుదల చేసిన అర్క అజిత్, అర్క ప్రియ, అర్క సంపూర్ణ వంటి రకాలు దొరికితే తెచ్చుకోవడం మంచిది. అవి పురుగును ఆపే రకాలు కావు. బూడిద తెగులును, తుప్పు తెగులును తట్టుకునే రకాలు. కాని తెగులు లేని ఆకు మీద పురుగు జాడ తేలికగా కనిపిస్తుంది, అదీ మనకు లాభమే. ఆకు మీద పిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తే అది శిలీంధ్రమని గుర్తించి, పురుగు మందులు వెతకడం మానుకోవాలి.

వల కప్పడం

ఇంటి బఠానీకి అన్నిటికంటే నమ్మకమైన రక్షణ ఏదని అడిగితే నేను వల పేరే చెబుతాను. దీనికి కారణం బఠానీ పువ్వు స్వభావంలోనే ఉంది. సొర, బీర, గుమ్మడి వంటి తీగలకు వల కప్పితే తేనెటీగ లోపలికి రాలేక పిందె నిలవదు. బఠానీ పువ్వు మాత్రం రేకులు పూర్తిగా విచ్చుకోకముందే తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందుతుంది. కాబట్టి మొలక వచ్చిన రోజు నుంచి చివరి కోత వరకు వల తీయకుండా ఉంచినా కాపు తగ్గదు. ఈ సౌకర్యం కూరగాయలలో చాలా కొద్దిటికే ఉంది, దానిని వాడుకోకపోవడం పొరపాటు.

అంగుళానికి 40 రంధ్రాలుండే తెల్లని నైలాన్ కీటక వల నర్సరీ సామాను అమ్మే దుకాణాలలో మీటరు లెక్కన దొరుకుతుంది. రెక్కల పురుగులు, సీతాకోకచిలుకలు, ఆకుతొలిచే ఈగలు దీనిని దాటి రాలేవు. పూలలో, లేత ఆకులలో దాగే అతి సన్నని తామర పురుగులు మాత్రం దూరగలవు. ఇంట్లో పాత దోమతెర ఉంటే అదీ పనికివస్తుంది. అయితే దాని కన్నాలు పెద్దవి కాబట్టి కాయతొలిచే పురుగుల తల్లులను ఆపుతుందే తప్ప, ఆకుతొలిచే సన్నని ఈగను ఆపదు. కుండీ చుట్టూ నాలుగు వెదురు బద్దలు నాటి, తీగ ఎదిగే ఎత్తుకంటే అరడుగు పైకి ఉండేలా వలను వేలాడదీయాలి. తీగ ఆకులు వలకు ఆనుకుంటే, తల్లి పురుగు బయటే కూర్చుని వల కన్నాల గుండా ఆకు మీద గుడ్లు పెట్టగలదు. అడుగు అంచును కుండీ అంచు కిందికి లాగి, పాత సైకిల్ ట్యూబుతోనో నాడాతోనో బిగించి కట్టాలి. పిల్లలు వచ్చి చూసి ఎత్తి వదిలేసిన అంచు ఒక్క రాత్రి తెరిచి ఉన్నా చాలు.

వలకు ఒక లోపం ఉంది. లోపల చిక్కుకున్నదానికి అది కోట అవుతుంది. విత్తేటప్పుడే మట్టిలో కోశస్థ దశ ఉంటే, బయటికి వచ్చిన రెక్కల పురుగు వల లోపలే గుడ్లు పెడుతుంది. ఇంకా ముఖ్యమైనది పేనుబంక. మన చొక్కా మీదనో, చీమల ద్వారానో ఒక్కటి లోపలికి చేరినా, దానిని తినే అక్షింతల పురుగులు వల దాటి రాలేవు కాబట్టి కొద్ది వారాలలోనే తీగ చివరలన్నీ నిండిపోతాయి. అందువల్ల వల కప్పాము కదా అని చూడడం మానకూడదు. ఆదివారం ఉదయం వల ఒక వైపు విప్పి, తీగను చివర నుంచి మొదలు దాకా చూసి, మళ్లీ కట్టడం అలవాటు చేసుకోవాలి. పేనుబంక కనబడితే, పక్క మొక్కల మీద దొరికిన నాలుగైదు అక్షింతల పురుగులను పట్టి తెచ్చి లోపల వదిలితే అదే వల వాటినీ అక్కడే నిలుపుతుంది.

మొలకలు రెండు ఆకులు వేసిన రోజుల్లో

ఈ దశలో వచ్చే చేటు తక్కువే గాని, వస్తే మొక్కే పోతుంది. మొలక నేలమట్టానికి కోసినట్టు పడి ఉంటే, రాత్రిపూట మట్టిలోంచి వచ్చి కాండాన్ని కొరికే గొంగళి పురుగు పని అది. పడిన మొలక చుట్టూ ఒక అంగుళం లోతు మట్టిని వేళ్లతో కెలికితే, చుట్టుకుని ఉన్న బూడిదరంగు పురుగు దొరుకుతుంది. మిగిలిన మొలకల చుట్టూ కాగితపు కప్పు అడుగు కోసి వలయంలా దిగ్గొడితే చాలు. మొలక కోయబడకుండానే పసుపురంగుకు తిరిగి వాడిపోతూ, కాండం మొదలు ఉబ్బి పగిలినట్టుంటే అది కాండంలో దూరిన ఈగ పిల్ల. అటువంటి మొక్కను పీకి, చెత్తబుట్టలో కాదు, మూతి కట్టిన సంచిలో వేసి పారేయాలి. సెప్టెంబరు తడిలో తొందరపడి విత్తినవారికి ఈ ఈగ బెడద ఎక్కువ, అక్టోబరు చివరిదాకా ఆగడం మేలు.

ఆకుల కాలం: గీతలు గీసే ఈగ, పేనుబంక

బఠానీ ఆకు మీద తెల్లని వంకర గీతలు చూడని పెంపకందారు ఉండడు. రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని ఈగ ఆకుకు సూదితో గుచ్చినట్టు చుక్కలు పెట్టి, కొన్నిటిలో గుడ్లు దాస్తుంది. పిల్ల పురుగు ఆకు పైపొరకూ కింది పొరకూ మధ్య పచ్చదనాన్ని తింటూ సొరంగం తవ్వుకుంటూ పోతుంది. కొత్తవారు ఈ గీతలు చూసి భయపడి మందుల దుకాణానికి పరుగెత్తుతారు. అక్కడే అసలు నష్టం మొదలవుతుంది, ఎందుకంటే ఆకులోపల ఉన్న పురుగుకు పైన చల్లిన మందు సరిగా అందదు, ఆ పురుగులో గుడ్లు పెట్టి దానిని చంపే చీమంత కందిరీగలు మాత్రం చనిపోతాయి.

చేయవలసినది ఇది. ఉదయపు ఎండలో ఆకును ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని వెనుక నుంచి చూడాలి. గీత సన్నగా మొదలై, పోనుపోను వెడల్పవుతుంది. వెడల్పు ఎటు ఉందో ఆ చివర చిన్న పసుపు బియ్యపు నూకలాంటి పురుగు, లేదా ఆకు అడుగున ఉబ్బిన గోధుమరంగు గింజలాంటి కోశస్థ దశ ఉంటుంది. బఠానీ మీద ఎక్కువగా కనబడే ఈ ఈగ జాతి నేలమీదికి దిగకుండా ఆకులోనే కోశస్థ దశకు వెళ్తుంది కాబట్టి, ఆ చోట బొటనవేలి గోటితో నొక్కితే పని అయిపోతుంది. ఒక తీగకు అర నిమిషం చాలు. గీతలు కింది ముదురు ఆకులకే పరిమితమైతే వాటిని తెంపి పారేయవచ్చు, తీగకు నష్టం లేదు. పై ఆకులు మాత్రం కాపుకు ఆహారం తయారు చేసేవి కాబట్టి తెంపకూడదు, నొక్కి వదలాలి. పసుపురంగు అట్టకు ఆముదం రాసి తీగ ఎత్తులో వేలాడదీస్తే ఈగలు అంటుకుంటాయి. అది నివారణ కంటే సూచిక. అట్ట మీద ఈగలు పెరిగాయంటే ఆ వారం ఆకులు మరింత శ్రద్ధగా చూడాలని అర్థం.

పేనుబంక కథ వేరు. బఠానీ మీద రెండు రకాలు కనిపిస్తాయి: ఆకు రంగులో కలిసిపోయే పెద్ద పచ్చని పేను, లేత చివరలనూ పూకాడలనూ నల్లపూసల్లా కప్పేసే మెరిసే నల్లపేను. ఆడ పేను మగదాని అవసరం లేకుండానే నేరుగా పిల్లలను కంటుంది, ఆ పిల్లలు వారం పది రోజులలో తల్లులవుతాయి. లెక్క ఎంత వేగంగా పెరుగుతుందో దీనినిబట్టి ఊహించవచ్చు. అవి పీల్చిన రసంలో మిగిలిన తీపిని జిగురుగా విసర్జిస్తాయి, ఆ జిగురు మీద నల్లని మసి పెరుగుతుంది. పేను చేసే పెద్ద హాని రసం పీల్చడం కాదు, ఒక మొక్క నుంచి మరొక మొక్కకు వైరస్ తెగుళ్లను మోయడం. ఆకులు ముడుచుకుని పచ్చ పసుపు మచ్చలు పడిన తీగకు వైద్యం లేదు, పీకేయడమే మార్గం.

మొదట చీమలను చూడాలి. తీగ మీద చీమలు పైకీ కిందికీ నడుస్తుంటే, పైన ఎక్కడో పేనుబంక ఉందని నూటికి తొంభై పాళ్లు నమ్మవచ్చు. చీమలు ఆ తీపి కోసం పేనును కాపు కాస్తాయి, అక్షింతల పురుగులను తరుముతాయి. కుండీని ఒక చిన్న స్టాండు మీద పెట్టి, దాని నాలుగు కాళ్ల కిందా నీళ్ల గిన్నెలుంచితే చీమల దారి మూసుకుపోతుంది. పెద్దలు పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో ఉంచినట్టే ఇదీ. తీగ గోడను గాని పక్క కుండీని గాని తాకకూడదు, తాకితే ఆ వంతెన మీదుగా వస్తాయి. గిన్నెలలో దోమలు పుట్టకుండా నీళ్లను మూడు రోజులకొకసారి మార్చాలి.

ఆ తరువాత నీళ్లు. ఎడమచేతిని తీగ చివర వెనుక అడ్డంగా పెట్టి, కుడిచేత్తో పిచికారి గొట్టాన్ని బిగించి, సన్నని ధారతో ఆకు అడుగు భాగాన్ని కొట్టాలి. రాలిన పేనులో ఎక్కువ భాగం మళ్లీ ఎక్కిరాలేవు. ఉదయం పూట మూడు రోజులు వరుసగా చేస్తే, తొలి దశలో మరే మందూ అవసరం లేదు. సాయంత్రం చేస్తే ఆకులు రాత్రంతా తడిగా ఉండి తెగుళ్లు వస్తాయి.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పడం అవసరమనిపిస్తోంది. రెండో ఏడు డిసెంబరులో పేను నిండిన తీగ మీద, నల్లగా పొడుగ్గా, ఒంటి మీద నారింజ మచ్చలతో, చూడడానికి బుల్లి మొసలిలా ఉన్న పురుగులు తిరగడం చూసి, అవే తీగను తింటున్నాయనుకుని ఏరి చంపుతున్నాను. కింది వాటాలో ఉండే పెద్దమ్మ, కోలారు జిల్లా రైతు కుటుంబంలో పుట్టి పెరిగిన మనిషి, బట్టలు ఆరవేయడానికి వచ్చి నా చేయి పట్టి ఆపింది. "వాటిని చంపొద్దు నాయనా, అవి పేనును తినేవి. కాసేపు కూర్చుని చూడు" అంది. కూర్చుని చూశాను. ఆ మొసలి పిల్ల ఒక పేనును నోట పట్టి, కదలకుండా నిలబడి, రసమంతా పీల్చి, తొక్కను వదిలి మరొకదాని దగ్గరికి నడిచింది. అవి అక్షింతల పురుగు పిల్లలు. ఒక్కొక్కటి రోజుకు పదుల కొద్దీ పేనును తింటుంది. వాటితోపాటు, ఆకు మీద సన్నని దారపు కొసన నిలబెట్టిన తెల్లని గుడ్లు కనిపిస్తే అవి అల్లిక రెక్కల పురుగువి. కాళ్లు లేని పచ్చని జలగలాంటి పిల్ల పేను గుంపులో దొర్లుతుంటే అది పూల మీద గాలిలో నిలిచి ఎగిరే సిర్ఫిడ్ ఈగ పిల్ల. ఈ మూడూ కనిపించిన తీగ మీద ఏ మందూ చల్లకుండా వారం రోజులు ఆగాలి. పేను ఉబ్బి, గోధుమరంగుకు మారి, కాగితపు బుడగలా ఎండి ఆకుకు అతుక్కుని ఉంటే, దానిలో కందిరీగ పిల్ల పెరుగుతోందని గ్రహించి ఆ ఆకును తెంపకూడదు.

పూత మొదలైన నాటి నుంచి

పూతలో తామర పురుగులు ఉన్నాయేమో చూడడానికి, ఒక తెల్లకాగితం పట్టుకుని దాని మీద నాలుగు పువ్వులను తట్టాలి. కాగితం మీద సన్నని గీతల్లాంటి పురుగులు పరుగెడితే ఉన్నట్టే. నీలంరంగు జిగురు అట్టలూ, వారానికొకసారి వేపనూనే వాటికి చాలు.

నిజమైన పోరాటం కాయతొలిచే పురుగులతో. పూత వచ్చిన మొదటి రోజు నుంచి కాయ నిండే దాకా ఉన్న ఆ మూడు వారాలలో నేను మిద్దె ఎక్కని ఉదయం ఉండదు. ఇంటి బఠానీలో ముఖ్యంగా మూడు రకాలు చూశాను. శనగపచ్చ పురుగు తల్లి రాత్రిపూట వచ్చి లేత ఆకుల మీద, మొగ్గల మీద, పిందెల మీద ఒక్కొక్క గుడ్డునే విడివిడిగా పెడుతుంది. ఆ గుడ్డు గసగసం గింజలో సగం ఉంటుంది, మీగడ రంగులో, భూతద్దంలో చూస్తే నిలువు గీతలతో కనిపిస్తుంది. మూడు నాలుగు రోజులలో పగిలి పిల్ల వస్తుంది. అది మొదట లేత ఆకును గీరి, తరువాత తలను కాయలోకి దూర్చి, ఒళ్లు బయట ఉంచి తింటుంది. కాయకు గుండ్రని పెద్ద రంధ్రం కనబడితే ఇదే. పురుగు ఆకుపచ్చగానే ఉంటుందని లేదు, గోధుమరంగులోనూ గులాబిరంగులోనూ ఉంటుంది.

రెండవది తోకల నీలి సీతాకోకచిలుక. వెనుక రెక్కల చివర రెండు నల్లచుక్కలూ, వెంట్రుకంత తోకా ఉన్న ఈ అందమైన చిలుక మొగ్గల చుట్టూ గిరగిరా తిరుగుతుంటే, పట్టపగలే అది మొగ్గ మీద చదునైన తెల్లని చుక్కలాంటి గుడ్డు పెడుతోందని తెలుసుకోవాలి. దాని పిల్ల నత్తలా చదునుగా ఉండి పువ్వునూ, ఆపైన కాయనూ తొలుస్తుంది. చీమలు దీనికీ కాపలా ఉంటాయి. అందుకే చీమల దారి మూయడం పేనుబంకకే కాదు, ఇక్కడా పనిచేస్తుంది.

మూడవది నా సంక్రాంతి కాయలను పాడుచేసినది. దీని తల్లి కాయ మీద, పువ్వు ఎండిన తొడిమ దగ్గర గుడ్డు పెడుతుంది. పుట్టిన వెంటనే పిల్ల దారమంత సన్నగా కాయలోకి దూరిపోతుంది, ఆ రంధ్రం మానిపోతుంది. కాయను ఎండకు ఎదురుగా పట్టుకుంటే లోపల గింజల మధ్య నల్లని నీడ కనిపించడమొక్కటే గుర్తు. ఎదిగిన పురుగు గులాబిరంగుకు మారి, కాయను కొరుక్కుని బయటికి వచ్చి, మట్టిలో కోశస్థ దశకు వెళ్తుంది.

ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న బలహీనత గుడ్డు పగిలిన మొదటి రెండు మూడు రోజులు. అప్పుడు పిల్ల బయట ఉంటుంది, లేదా ఇప్పుడే లోపలికి వెళ్తోంది. మన పనంతా అప్పుడే. వల లేనివారు పూత కనబడిన రోజు నుంచి, ఉదయం ఏడు గంటల లోపు, ఒక్కొక్క పూగుత్తినీ రెండు వేళ్ల మధ్య తిప్పి చూడాలి. గుడ్లను వేలితో తుడిచేయవచ్చు. రంధ్రమున్న మొగ్గనూ, ఎండకు పట్టి చూసినప్పుడు నీడ కనబడిన పిందెనూ వెంటనే తెంపి సబ్బునీళ్లలో వేయాలి. ఒక పిందె పోతుందని జాలిపడితే, ఆ పురుగు పక్క కాయలోకి వెళ్తుంది.

తీగలు ఎక్కువగా ఉన్నవారికి బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా పొడి మంచి సాయం. దీనిని దుకాణాలలో బీటీ అంటారు. ఇది తాకితే చంపే విషం కాదు. గొంగళి పురుగు ఆకుతోపాటు దీనిని తిన్నాక దాని పేగులో పనిచేస్తుంది. పురుగు కొద్ది గంటలలో తిండి మానేసి, రెండు మూడు రోజులలో చనిపోతుంది. అక్షింతల పురుగులకూ తేనెటీగలకూ హాని చేయదు. ఎండకు త్వరగా చెడిపోతుంది కాబట్టి పొద్దు వాలాకే చల్లాలి, పొట్లం మీద రాసిన మోతాదును దాటకూడదు, పూత మొదట ఒకసారి, వారం తరువాత మరొకసారి చల్లితే సరిపోతుంది. కాయ లోపలికి వెళ్లిన పురుగుకు ఇది అందదు. ఒక జాగ్రత్తను మాత్రం కర్ణాటకలో ఉన్నవారు మరవకూడదు: ఈ బ్యాక్టీరియా పట్టుపురుగునూ చంపుతుంది. శిడ్లఘట్ట, రామనగర, కోలారు వైపు పట్టుపురుగుల పెంపకమే జీవనాధారంగా ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. చుట్టుపక్కల మల్బరీ తోట ఉంటే బీటీ చల్లకూడదు, చల్లిన చేతులతో, బట్టలతో అటువైపు వెళ్లకూడదు.

వేపనూనెను సరిగా కలపడం

వేప పనిచేయదని చెప్పేవారిలో చాలామంది దానిని సరిగా కలపలేదు. చలికాలపు ఉదయాలలో బెంగళూరులో వేపనూనె సీసాలో నెయ్యిలా పేరుకుపోతుంది. దానిని అలాగే నీళ్లలో వేస్తే ముద్దలుగా తేలుతుంది. ఆ ముద్దలు పడిన ఆకు మాడుతుంది, పడని ఆకుకు మందు అందదు. సీసాను పావుగంట గోరువెచ్చని నీళ్లలో ఉంచి కరిగించాలి. నాలుగు కుంకుడుకాయలను ముందురోజు రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగట్టిన చిక్కని రసంలో మొదట 5 మిల్లీలీటర్ల నూనె వేసి, తెల్లగా పాలలా మారేదాకా గిలక్కొట్టి, ఆ తరువాతే కొద్దికొద్దిగా లీటరు నీళ్లు కలపాలి. నీటి మీద నూనె తెట్టు తేలితే ఇంకా కలవలేదని అర్థం. బట్టల సబ్బు పొడి వాడకూడదు, ఆకులు మాడతాయి. మొదట ఒక కుండీలో ఒక కొమ్మ మీద చల్లి ఒక రోజు ఆగి చూడాలి. సాయంత్రం, ఆకుల అడుగు భాగం తడిసేలా, మధ్యమధ్య సీసాను కుదుపుతూ చల్లాలి. కలిపినది ఆ పూటకే, మిగిలితే పారబోయాలి. దుకాణంలో 1500 పీపీఎం (మందు గాఢతను చెప్పే అంకె) అని రాసి ఉన్న వేపమందు కొన్నా మోతాదు లీటరుకు 5 మిల్లీలీటర్లే. అంకె ఎక్కువున్న మందుకు మోతాదు తగ్గుతుంది, కాబట్టి చీటీ చదవకుండా కొలవకూడదు.

వేపగింజలు దొరికేవారు నూనెకు బదులు కషాయం చేసుకోవచ్చు. లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపపప్పును దంచి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా నానబెట్టి, పొద్దున మూటను పదిపన్నెండు సార్లు పిండి, వడగట్టి కుంకుడు రసం కలిపితే అది 5 శాతం కషాయం. వేప పురుగును అక్కడికక్కడే పడేయదు. తిండి మీద విరక్తి కలిగించి, కుబుసం విడవడాన్ని అడ్డుకుంటుంది. ఫలితం నాలుగైదు రోజులకు కనిపిస్తుంది. మరుసటి రోజే చూసి ఏమీ జరగలేదని బలమైన రసాయనం వైపు వెళ్లేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఇంటి బఠానీని పిల్లలు తీగ నుంచే తెంపి పచ్చిగా తింటారు. ఆ తీగ మీద ఘాటైన పురుగుమందు చల్లే అవసరం ఒక్క చలికాలంలోనూ నాకు రాలేదు. వేప చల్లిన కాయలను కూడా కనీసం మూడు నాలుగు రోజులు ఆగి, బాగా కడిగి వాడాలి.

కోత, విత్తనం దాచడం

కాయ నిండిన వెంటనే, రెండు రోజులకొకసారి కోయడం కూడా పురుగు నివారణే. ముదిరే దాకా తీగ మీద వదిలిన కాయలే తరువాతి తరం పురుగుకు ఇల్లు. చివరి కోత అయ్యాక తీగలను కుండీలోనే ఎండనివ్వకుండా పీకి, మూతి కట్టిన నల్ల సంచిలో వారం రోజులు ఎండలో ఉంచి, ఆ తరువాత కంపోస్టులో వేయాలి. వేళ్ల బొడిపెలు మాత్రం మట్టిలోనే ఉండనివ్వవచ్చు, వాటిలో నత్రజని ఉంటుంది.

విత్తనానికి ఉంచిన గింజలకు పుచ్చుపురుగు భయం ఉంటుంది. గింజ మీద తెల్లని చుక్కలా అతుక్కుని ఉన్నది దాని గుడ్డు. మచ్చలేని గింజలను ఏరి, పంటితో కొరికితే పగిలేంత గట్టిగా నాలుగైదు రోజులు ఎండబెట్టి, చల్లారనిచ్చి, గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోని గడ్డకట్టే అరలో వారం రోజులు ఉంచితే లోపలి గుడ్లూ పిల్లలూ చనిపోతాయి. సరిగా ఎండని గింజను అలా పెడితే మొలకశక్తి పోతుంది. డబ్బాను బయటికి తీశాక, గది వేడికి వచ్చేదాకా మూత తెరవకూడదు, తెరిస్తే చెమ్మ పడుతుంది. ఆ తరువాత మన ఇళ్లలో కందులకు పట్టించినట్టే, కిలో గింజలకు ఒక చెంచా ఆముదం చొప్పున చేతులతో రుద్ది, పొడి సీసాలో నింపి, కోసిన నెలా రకం పేరూ రాసిన చీటీ అంటించి, అక్టోబరు దాకా చీకటి అలమరలో ఉంచాలి.